ఆసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్: పరీక్షకు ముందు మాట నుంచి మందులు అలవాటయ్యే దాకా

వార్డులో ఉన్న మనిషికి హెచ్‌ఐవీ అని తేలితే ఎవరు చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, ఇంట్లోవాళ్లు అడిగితే ఏం చేయాలి? ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాలు), ఏఆర్‌టీ సెంటర్లలో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోట్లు) కొత్తగా చేరిన కౌన్సిలర్లు, స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు తరచూ అడిగే ప్రశ్నలివి. ప్రభుత్వ ఆసుపత్రిలో పని సాగే వరుసలోనే జవాబులు ఇక్కడ రాశాం.

మొదటి రోజు మీరు ఎంత సమాచారం చెప్పారన్నది లెక్కలోకి రాదు. ఆ మనిషి రెండోసారి మీ దగ్గరికి వచ్చాడా లేదా అన్నదే లెక్క. కింద చెప్పిన ప్రతి అడుగునూ ఆ ఒక్క ప్రశ్నతోనే సరిచూసుకోండి.

## 1. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవలసినవి

తలుపు వేసుకునే గది కావాలి. కర్టెన్ చాలదు. పక్క మంచం మీది మనిషికి చెవులుంటాయి, ఆయన అటెండర్‌కూ ఉంటాయి. రోగి లేవలేని స్థితిలో ఉంటే వీల్‌చైర్‌లో డ్రెస్సింగ్ రూమ్‌కో, డ్యూటీ డాక్టర్ గదికో తీసుకెళ్లండి. అదీ కుదరకపోతే విజిటర్లు లేని వేళ చూసుకుని, మంచం పక్కన కూర్చుని, చాలా తగ్గిన గొంతుతో మాట్లాడండి.

రోగితో వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టడం ఒక నేర్పు. "మీరు బయటికి వెళ్లండి" అంటే అనుమానం మొదలవుతుంది. "ఇక్కడ ప్రతి పేషెంటుతో ఒక పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతామమ్మా, అందరికీ ఇదే పద్ధతి" అనండి. నిజంగానే అందరి విషయంలోనూ అలాగే చేయండి. పాజిటివ్ వచ్చినవాళ్లనే విడిగా పిలుస్తారని వార్డుకు తెలిసిపోతే, పిలుపే ఫలితం చెప్పేసినట్టవుతుంది.

చేతికి అందేలా ఉంచుకోండి:

- సమ్మతి పత్రం, తెలుగులో. చదవలేనివారికి మీరే చదివి వినిపించాలి.
- మంచినీళ్లు, టిష్యూలు లేదా శుభ్రమైన గుడ్డ.
- కండోమ్‌లు, వాడే తీరు చూపించడానికి నమూనా.
- ఏఆర్‌టీ సెంటర్ గది నంబరు, ఓపీ వేళలు రాసిన చిన్న చీటీ. దాని మీద జబ్బు పేరు ఉండకూడదు.
- ఉచిత హెల్ప్‌లైన్ నంబర్లు: హెచ్‌ఐవీ గురించి 1097, మానసిక వేదనకు టెలీ మానస్ 14416.
- సైలెంట్‌లో పెట్టిన మీ ఫోన్.

పరీక్షకు ముందు మాటకు 15 నిమిషాలు, పాజిటివ్ ఫలితం చెప్పడానికి కనీసం 30 నుంచి 45 నిమిషాలు పట్టవచ్చు. ఓపీ రద్దీగా ఉందని ఫలితాన్ని ఐదు నిమిషాల్లో తేల్చేయకండి. ఒక గంట ఆగి, జనం తగ్గాక పిలవండి.

## 2. పరీక్షకు ముందు

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషికి విషయం వివరించి, ఒప్పుకున్నాకే రక్తం తీయాలి. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. "మామూలు రక్తపరీక్షే" అని చెప్పి హెచ్‌ఐవీకి పంపడం చట్టం ప్రకారం తప్పు. మానవత్వం దృష్ట్యా కూడా తప్పే.

ఈ వరుసలో మాట్లాడండి:

1. ఈ పరీక్ష ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. "డాక్టరు గారు దగ్గు తగ్గకపోవడం చూసి ఈ పరీక్ష కూడా రాశారు" అన్నట్టు ఉంటే చాలు.
2. ఫలితం మీకు, చికిత్స చేసే డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పమని మాటివ్వండి. భాగస్వామి విషయంలో మాత్రం చట్టం పెట్టిన షరతులున్నాయి, అవి 5వ భాగంలో ఉన్నాయి.
3. పాజిటివ్ అయితే ఉచితంగా మందులున్నాయని ముందే చెప్పండి. ఫలితం విన్న తర్వాత ఈ మాట చెవికెక్కదు.
4. వద్దనే హక్కు ఉందని, వద్దన్నా మిగతా వైద్యం ఆగదని చెప్పండి.
5. గత మూడు నెలల్లో సోకే అవకాశం ఏదైనా జరిగిందా అని అడగండి.

ఐదో ప్రశ్నను తేలిగ్గా దాటేయకండి. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లో పరీక్షలో కనిపించకపోవచ్చు. దీన్నే విండో పీరియడ్ అంటారు. నెగటివ్ వచ్చినా మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలని తేదీతో సహా రాసివ్వండి.

ఆ సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటలేదా? కౌన్సెలింగ్ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి. 28 రోజుల నివారణ మందుల కోర్సు మొదలుపెట్టాలి. మొదటి రెండు గంటల్లోనే పడితే మరీ మంచిది. సూది గుచ్చుకున్న నర్సుకైనా, అత్యాచారానికి గురైన అమ్మాయికైనా గడియారం ఒక్కలాగే నడుస్తుంది.

"ఎంతమందితో సంబంధాలున్నాయి?" అని మొదటే అడగకండి. "చాలామందికి పెళ్లికి ముందో, తర్వాతో వేరే సంబంధాలు ఉంటాయి. మీ విషయంలో ఎప్పుడైనా అలా జరిగిందా?" అని అడిగితే నిజం చెప్పే అవకాశం ఎక్కువ.

## 3. ఫలితం చెప్పడం

ఐసీటీసీలో పాజిటివ్ అని నిర్ధారించడానికి మూడు వేర్వేరు కిట్లతో పరీక్షిస్తారు. ఒక్క కిట్‌లో గీత కనిపించగానే వార్డుకు ఫోన్ చేయకండి. మూడూ పూర్తయి, రిపోర్టు మీద సంతకం పడ్డాకే పిలవండి. పిలిచాక పేరు, వయసు, పీఐడీ నంబరు (ఆ మనిషికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) రిపోర్టుతో కలిశాయో లేదో రెండుసార్లు చూడండి. ఒకే వార్డులో ఒకే పేరున్న ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం అరుదేమీ కాదు.

కూర్చోబెట్టిన వెంటనే విషయం చెప్పండి. ఊరూ పేరూ, వానలూ పంటలూ అంటూ ఐదు నిమిషాలు సాగదీస్తే, ఆ ఐదు నిమిషాలూ ఆ మనిషి మీ ముఖంలోనే ఫలితం వెతుక్కుంటూ నలిగిపోతాడు.

చెప్పే మాట చిన్నదిగా ఉండాలి: "అన్నా, మీ రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మీ రక్తంలో హెచ్‌ఐవీ ఉందని తేలింది."

అంతే. ఆ తర్వాత ఆగండి.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక "ఏం కాదు, భయపడకండి, మందులున్నాయి, షుగరు లాంటిదే" అని గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఎదుటి మనిషికి అందులో ఒక్క ముక్కా వినిపించదు. రిపోర్టు కాగితం అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చుంటాడు. కూర్చోనివ్వండి. నీళ్ల గ్లాసు ముందుకు జరపండి. ఆయన నోటి నుంచి మొదటి మాట వచ్చేదాకా మీరు మాట్లాడకండి.

ఆ మొదటి మాటే మీకు దారి చూపిస్తుంది.

- "ఎంతకాలం బతుకుతాను?" అంటే భయం చావు గురించి. "మందులు రోజూ వేసుకుంటే మిగతావాళ్లలాగే పనిచేసుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చూసి బతకొచ్చు" అని చెప్పండి.
- "నా పిల్లలకు ఉందా?" అంటే పరీక్ష ఏర్పాటు గురించి మాట్లాడండి. భార్య గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చినప్పుడు ఆమెకు వైరస్ సోకి ఉందో లేదో తెలిస్తేనే పిల్లల విషయం తేలుతుంది.
- "నాకెలా వచ్చింది? నేనే తప్పూ చేయలేదు" అంటే వాదించకండి. ముఖ్యంగా ఆడవాళ్లు ఇలా అంటే, చాలాసార్లు అది అక్షరాలా నిజం. "ఎలా వచ్చిందన్నది తర్వాత మాట్లాడుకుందామమ్మా, ముందు మీ ఆరోగ్యం చూద్దాం" అనండి.
- "రిపోర్టు తప్పు" అంటే, మూడు పరీక్షలు చేశామని ఒకసారి చెప్పండి. మళ్లీ చేయించుకుంటానంటే అడ్డుచెప్పకండి. తిరిగి మీ దగ్గరికే రమ్మనండి.
- ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లబోతే జాగ్రత్తపడండి. ప్రమాదం ఎక్కువ ఇక్కడే.

ఆత్మహత్య ఆలోచన ఉందేమో అన్న అనుమానం వస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అక్కా?" అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నదే బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా పంపవద్దు. డ్యూటీ డాక్టరుకు, సైకియాట్రీ విభాగానికి చెప్పండి. ఆమె నమ్మే ఒక మనిషి ఎవరో అడిగి, ఆమె ఒప్పుకుంటేనే పిలిపించండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉన్నాయా అని అడగడం మర్చిపోకండి. పొలం ఉన్న ఇళ్లలో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ ఒకటి కాదన్న తేడా కూడా ఇక్కడే, రెండు వాక్యాల్లో చెప్పండి. హెచ్‌ఐవీ వైరస్. అది చాలా ఏళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే రోగనిరోధక శక్తి పడిపోయి వచ్చే దశ ఎయిడ్స్. "మీకు ఎయిడ్స్" అన్న మాట మీ నోటి వెంట రానీయకండి.

## 4. ఆ రోజు పంపించే ముందు

మొదటి రోజు మూడు విషయాలే చెప్పండి. మిగతావన్నీ రెండో రోజుకు ఉంచండి.

1. మందులున్నాయి, ఉచితం, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మొదలుపెడతారు.
2. కలిసి తినడం, ఒకే బాత్రూమ్ వాడటం, పిల్లల్ని ఎత్తుకోవడం వల్ల సోకదు.
3. లైంగిక సంబంధంలో ఇప్పటి నుంచి కండోమ్ వాడాలి.

రెండోది వదిలేస్తే ఆ రాత్రి నుంచే ఆయన కంచం, గ్లాసు వేరుపెట్టుకుంటాడు. పసిబిడ్డను ఎత్తుకోవడం మానేస్తాడు. ఇంట్లో అందరికీ అనుమానం మొదలయ్యేది అలాగే.

పంపే ముందు చెక్‌లిస్టు:

- ఇంటికి ఎలా వెళ్తారు, తోడెవరు?
- ఈ రాత్రి ఎవరితో ఉంటారు?
- ఏఆర్‌టీ సెంటర్‌కు ఏ రోజు, ఎన్ని గంటలకు? అదే ఆసుపత్రిలో ఉంటే మీరే వెంటబెట్టుకుని వెళ్లి చూపించండి. "మూడో అంతస్తు, కుడివైపు" అని చెప్పి పంపితే చాలామంది గేటు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు.
- ఫోన్ చేయవచ్చా? ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? చేస్తే ఏ పేరుతో చేయాలి? "ఆసుపత్రి నుంచి" అనొచ్చా, అనకూడదా?
- దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు: ఈ నాలుగూ అడిగారా? ఒక్కటి ఉన్నా టీబీ పరీక్షకు పంపాలి.

## 5. ఇంట్లో చెప్పడం

"నా భార్యకు మీరే చెప్పండి" అని కొందరు, "చచ్చినా చెప్పొద్దు" అని కొందరు అంటారు. తొందరపడి ఏ పక్షమూ తీసుకోకండి.

మొదటి ప్రయత్నం ఎప్పుడూ తానే చెప్పేలా సాయం చేయడం. ఏ మాటతో మొదలుపెట్టాలో మీ ముందే ఒకసారి పలికించండి. "నాకు ఒక పరీక్ష చేశారు. నువ్వు కూడా చేయించుకుంటే మంచిదన్నారు. రేపు నాతో ఆసుపత్రికి రా." ఇంత చాలు. మిగతాది మీ గదిలో, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడవచ్చు.

చెప్పనంటే ఏం చేయాలో చట్టమే చెప్పింది. భాగస్వామికి తెలియజేసే వీలు డాక్టరుకు, కౌన్సిలర్‌కు మాత్రమే ఉంది. అదీ ఈ షరతులన్నీ నెరవేరాకే: భాగస్వామికి గట్టి ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మాలి, చెప్పమని ఆ మనిషికి కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, అయినా చెప్పరని తేలాలి, "మేము చెప్పబోతున్నాం" అని ముందే ఆ మనిషికి తెలియజేయాలి. ఆ తర్వాత భాగస్వామికి ఎదురుగా, కౌన్సెలింగ్‌తోనే చెప్పాలి. ఫోన్‌లో కాదు, చీటీలో కాదు.

చెబితే కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో సహేతుకమైన భయం ఉంటే, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, చెప్పకూడదు. గర్భిణిగా పరీక్ష చేయించుకుని ముందుగా తనకే తేలిన కోడలికి ఈ ప్రమాదం చాలా ఎక్కువ. "అది పుట్టింటి నుంచే తెచ్చింది" అనే అత్తగారి మాట మీరు ఊహించగలరు. అలాంటప్పుడు భర్తను యాంటినేటల్ (గర్భిణికి చేసే) పరీక్షల్లో భాగంగా పిలిపించి, ఇద్దరికీ కలిపి పరీక్ష చేయడం సురక్షితమైన దారి.

అత్తమామలు, అన్నదమ్ములు, ఊరి పెద్ద, పనిచేసే చోట యజమాని: వీళ్లెవరికీ చెప్పే అధికారం మీకు లేదు. "నేను వాళ్ల బావను, నాకు చెప్పాలి" అంటే, "ఎవరి రిపోర్టయినా వాళ్లకే చెబుతామండీ, రేపు మీది కూడా అంతే" అనండి.

## 6. మందులు మొదలుపెట్టేటప్పుడు

పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. తిన్నాక వేసుకున్నా, పరగడుపున వేసుకున్నా పనిచేస్తుంది. ఈ సౌకర్యాన్ని బాగా వాడుకోండి.

వేళను మీరు నిర్ణయించకండి. "పొద్దున లేచాక మీరు రోజూ తప్పకుండా చేసే పని ఏమిటి?" అని అడిగి, మాత్రను దానికి కట్టండి: పాలు పితకడం, టీ పెట్టడం, పూజ, షిఫ్టుకు బయల్దేరడం. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టడం లేదంటే పొద్దుటికి మార్చండి.

సీసా సంగతి తప్పకుండా అడగండి. ప్లాస్టిక్ సీసాలో 30 మాత్రలు ఉంటాయి, కదిలిస్తే గలగలమంటాయి. బస్సులో పక్కవాళ్లకు వినిపిస్తుందని కొందరు ఆసుపత్రి గేటు దగ్గరే మాత్రలన్నీ కాగితంలో పొట్లం కట్టుకుని సీసా పారేస్తారు. తేమ తగిలి మాత్రలు పాడవుతాయి. సీసాలో కాస్త శుభ్రమైన దూది కుక్కితే చప్పుడు ఆగుతుంది. లేబుల్ గీకేసుకున్నా నష్టం లేదు. తేమ పీల్చే చిన్న పొట్లాన్ని మాత్రం తీసేయకూడదు.

ఇతర మందులతో తకరారు:

- జెలూసిల్, డైజీన్ లాంటి గ్యాస్ మందులు: టీఎల్‌డీ వాటికి 2 గంటల ముందు, లేదా 6 గంటల తర్వాత.
- ఐరన్, కాల్షియం బిళ్లలు: భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. పరగడుపునైతే పైన చెప్పిన వ్యవధే పాటించాలి. గర్భిణులందరికీ ఇది చెప్పాలి.
- షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు.
- టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 అదనంగా ఇస్తారు. టీబీ మందులు అయిపోయాక కూడా రెండు వారాలు కొనసాగుతుంది. పేషెంటు "ఇది ఎక్కువైంది" అనుకుని మానేసేది ఈ రెండో మాత్రనే.

టీబీ ఉన్నవాళ్లకు ముందు టీబీ మందులు మొదలుపెట్టి, సాధారణంగా రెండు వారాల్లోపు ఏఆర్‌టీ కలుపుతారు. మెదడుకు క్రిప్టోకాకల్ (ఒక రకం ఫంగస్) ఇన్ఫెక్షన్ ఉంటే 4 నుంచి 6 వారాలు ఆగుతారు. ఈ ఆలస్యం ఎందుకో చెప్పకపోతే "నాకు మందివ్వడం లేదు, ఆశ వదిలేశారు" అనుకుంటారు. అలాగే, మందులు మొదలైన తొలి వారాల్లో శరీరానికి శక్తి తిరిగొస్తూ, దాగి ఉన్న జబ్బు పైకి తేలి జ్వరం, గడ్డలు రావచ్చు. అప్పుడు మాత్ర ఆపకుండా ఆసుపత్రికి రావాలని ముందే చెప్పి ఉంచండి.

## 7. మాత్రలు తప్పినప్పుడు

మాత్రలు ఎంత శాతం వేసుకున్నారో లెక్క ఇలా: ఇచ్చిన మాత్రల్లోంచి మిగిలినవి తీసేయండి. వచ్చినదాన్ని ఇన్ని రోజులకు వేసుకోవలసిన సంఖ్యతో భాగించి 100తో గుణించండి. 30 ఇచ్చారు, 28వ రోజున 5 మిగిలాయి అనుకుందాం. వేసుకున్నవి 25, వేసుకోవలసినవి 28, అంటే 89 శాతం. కావలసింది 95కు పైన. నెలకు ఒక మాత్ర తప్పితే 97, రెండు తప్పితే 93. అంటే నెలలో ఒక్కటి మించి తప్పకూడదు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే అందరూ "ఆఁ" అనే అంటారు. "పోయిన వారంలో ఏ రోజు మర్చిపోయారు?" అని అడగండి.

తరచూ వినపడే కారణాలు, వాటికి మందు:

- తాగిన రోజు మాత్ర వేసుకోకూడదనుకోవడం. తాగడం తగ్గించాలి, మానాలి. కానీ తాగిన రోజైనా మాత్ర మానకూడదు.
- అయ్యప్ప మాల, ఉపవాసాలు, రంజాన్. 41 రోజుల దీక్షలోనూ మాత్ర వేసుకోవచ్చు. రోజుకు ఒక్కటే కాబట్టి ఇఫ్తార్ వేళకో, సహర్ వేళకో మార్చవచ్చు. దీక్షకు ముందే వచ్చి మాట్లాడమనండి.
- మిరప కోతలకో, కట్టడం పనికో వలస వెళ్లడం. నిలకడగా ఉన్నవారికి రెండు, మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారు. అక్కడే ఎక్కువకాలం ఉండేట్టయితే ట్రాన్స్‌ఫర్ కాగితం ఇప్పించండి. గల్ఫ్ వెళ్తానంటే వీసా వైద్యపరీక్షలో హెచ్‌ఐవీ కూడా చూస్తారని, ఏజెంటుకు డబ్బు కట్టకముందే చెప్పండి.
- నాటుమందు. తిట్టకండి. "అది వాడతారో లేదో మీ ఇష్టం, ఈ మాత్ర మాత్రం ఆపొద్దు. ఏం వాడుతున్నారో డాక్టరుకు చూపిద్దాం" అనండి. తిడితే రెండూ దాచేస్తారు.
- ఒంట్లో బాగైంది కదా అని ఆపేయడం. బాగైంది మాత్ర వల్లేనని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) రిపోర్టు చూపించి చెప్పండి.

మర్చిపోయిన మాత్ర గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే అదొక్కటే వేసుకోవాలి. రెండూ కలిపి మింగకూడదు.

వైరల్ లోడ్ ఆరో నెలలో, పన్నెండో నెలలో, తర్వాత ఏడాదికోసారి చూస్తారు. మిల్లీలీటరుకు 1000 కాపీలు లేదా అంతకు మించితే మందు మార్చడం మొదటి పని కాదు. నెలకోసారి చొప్పున మూడు విడతల కౌన్సెలింగ్ చేసి, మాత్రలు సరిగ్గా పడ్డాక మళ్లీ పరీక్షించాలి. వైరస్ కనిపించని స్థాయికి వచ్చి అలాగే నిలిచి ఉంటే లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. ఈ మాటను భార్యాభర్తలిద్దరికీ కలిపి చెప్పండి. ఏళ్ల తరబడి మాత్రలు మింగడానికి ఇంతకంటే బలమైన కారణం చాలామందికి ఇంకొకటి ఉండదు.

## 8. తల్లి, బిడ్డ

గర్భిణికి ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టించండి. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డకు పుట్టగానే ఇచ్చే నివారణ మందు కనీసం ఆరు వారాలు వేయాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. పాలతో పాటు డబ్బాపాలు, నీళ్లు, తేనె కలపకూడదు. పురిట్లో తేనె నాకించే అలవాటు ఉన్న ఇంట్లో అమ్మమ్మకు "డాక్టరు గారు ఆరు నెలలు ఏదీ వద్దన్నారు" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు.

బిడ్డకు ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి పరీక్ష, చివరిగా 18 నెలలకు నిర్ధారణ. ఈ నాలుగు తేదీలూ టీకాల కార్డు తేదీలతో కలిపి రాసివ్వండి.

మందులు వేసుకుంటున్న పిల్లలకు అబద్ధం చెప్పకండి. చిన్నప్పుడు "నీ ఒంట్లో సైనికుల్ని బలంగా ఉంచే మాత్ర" అంటే సరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా చెబుతూ, పదీ పన్నెండేళ్లకల్లా జబ్బు పేరుతో సహా తెలిసేలా చూడండి. చెప్పేది పెంచుతున్నవాళ్లు, పక్కన ఉండేది మీరు.

## 9. వార్డులో గుట్టు బయటపడే చోట్లు

మీరు గదిలో ఎంత జాగ్రత్తగా మాట్లాడినా, బయట ఒక చిన్న పని మొత్తం పాడుచేస్తుంది. వారానికి ఒకసారి వార్డంతా తిరిగి ఇవి చూడండి:

- మంచానికి ఎర్ర టేపు, కేస్‌షీట్ మీద పెద్ద అక్షరాలతో "పాజిటివ్", గోడకు "జాగ్రత్త" చీటీ ఉన్నాయా? ఉంటే అప్పుడే తీయించండి. గ్లౌజులు, సూదుల జాగ్రత్తలు ప్రతి రోగికీ ఒకటే. టేపు ఎవరినీ కాపాడదు.
- ఆపరేషన్ జాబితాలో ఆ పేరును ఎప్పుడూ చివరికే నెట్టేస్తున్నారా?
- ఆయా, వార్డ్‌బాయ్ "ఆ కేసు" అని వేలు చూపిస్తున్నారా? వాళ్లకు గంటసేపు శిక్షణ ఇవ్వండి. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో తెలిస్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది.
- డిశ్చార్జి సమ్మరీ ఎవరి చేతికిస్తున్నారు? రోగి చేతికే, కవర్లో పెట్టి.
- హెచ్‌ఐవీ ఉన్నవారికిచ్చే పింఛను దరఖాస్తు ఎవరెవరి చేతులు మారుతుంది, డబ్బు ఏ దారిలో అందుతుంది? ఇవి తెలుసుకుని రోగికి ముందే చెప్పండి. గుట్టు తెలిసిపోతుందని వద్దంటే బలవంతపెట్టకండి.

ఆసుపత్రి సిబ్బందే వివక్ష చూపితే, 20 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే వైద్యసంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. మీ ఆసుపత్రిలో ఆయన ఎవరో పేరు, గది నంబరు తెలుసుకుని ఉంచుకోండి. అక్కడ తేలకపోతే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు (ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారి) ఫిర్యాదు చేయవచ్చు.

## 10. రానివాళ్లను వెతకడం

ఇచ్చిన తేదీకి రాకపోతే మరుసటి రోజే, వాళ్లు ఒప్పుకున్న పేరుతో ఫోన్ చేయండి. వేరేవాళ్లు ఎత్తితే పేరడిగి, "మళ్లీ చేస్తానండీ" అని పెట్టేయండి. ఇంటికి వెళ్లాల్సి వస్తే ఆసుపత్రి బ్యాడ్జీ, జీపు వద్దు.

నెలల తర్వాత తిరిగొచ్చిన మనిషితో మొదటి మాట "ఇన్నాళ్లూ ఏమైపోయారు?" కాకూడదు. "వచ్చారు, మంచి పని చేశారు. కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అనండి. ఎందుకు మానేశారన్నది ఆ తర్వాత వాళ్లే చెబుతారు. అదే రోజు బరువు చూసి, టీబీ ప్రశ్నలు నాలుగూ అడిగి, సీడీ4కు రక్తం తీయించి, డాక్టరు గదిలోకి మీరే తీసుకెళ్లండి.